బొంత లోపలి చీర

“బొంత విప్పమంటి గానీ, ఇల్లిడిసి పొమ్మంటినా?”

“ఆ మాట ఒగటే అంటివా నాయనా?”

భానుప్రకాశ్ వాకిట్లో బండి టైరు చూస్తూ అడిగాడు. తలెత్తలేదు. మార్కెట్టులో టమోటా లోడు దించి ఇంటికొచ్చేసరికి భార్య లేదు, అయిదో నెల బిడ్డ లేదు. ఉయ్యాల తాళ్ళు మాత్రం వేలాడుతున్నాయి. అంబిక కుప్పం బస్సెక్కాక ఫోను చేసింది. ఎక్కే ముందు చెయ్యలేదు.

గోవిందస్వామి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో ఖాళీ ప్లాస్టిక్ కవరు. నిన్న సాయంత్రం నుంచి దాన్ని వదల్లేదు.

“ఇంగేమంటిని?”

“నాకు నోరు రాదు. నువ్వే సెప్పు.”

తానన్న మాట గోవిందస్వామికి గుర్తుంది. పక్కింటి వెంకటలక్ష్మమ్మకూ గుర్తుంది. వీధికంతా వినిపించేలా అన్నాడు మరి.

భార్య మునెమ్మ పోయి ఏడాది. సంవత్సరికం పెట్టిన మరుసటి రోజు ఆయన అటక మీది కవరు దించాడు. ఆసుపత్రిలో చివరగా ఆమె ఒంటి మీదున్న నీలం నూలు చీరను అందులో పెట్టి, మూతి ముడేసి దాచుకున్నాడు. ఉతకనివ్వలేదు. తెరిచి చూడనూ లేదు. తెరిస్తే అందులో ఉన్నది పోతుందని భయం. నిన్న దించబోతే కవరు తేలిగ్గా చేతిలోకొచ్చింది.

అంబిక దాచలేదు. “ఆ చీర బొంతలో ఉండాది మామా” అంది. బొంత అప్పుడు పిట్టగోడ మీద ఆరుతోంది. మధ్యాహ్నం బిడ్డ తడిపింది.

“నా పెండ్లాం సీర మింద ఉచ్చ పోయిస్తాండావా?” అన్నాడు గోవిందస్వామి. అక్కడితో ఆగి ఉంటే అంబిక బస్సెక్కేది కాదు. “ఆయమ్మ నీకేమైతుందని ఆ సీర ముట్టినావు?” అని కూడా అన్నాడు.

భానుప్రకాశ్ లేచి చేతులు దులుపుకున్నాడు.

“ఇచ్చుకోమనింది నువ్వే నాయనా.”

“నేనా?”

“పురిటికి పోయే ముందర అంబిక నీ ఎదురుగా నిలబడి అడిగింది. ‘మామా, అటక మింద గుడ్డలు పుంగనూరులో బొంతకిస్తాండాను’ అని. నువ్వు ఫోన్లో టమోటా రేటు సూసుకుంటా ‘ఇచ్చుకోపో’ అంటివి. నేనూ ఆడే ఉంటిని.”

“నాకు తెలీదు.”

“నీకేం తెలుసు? అమ్మ ఉన్నెప్పుడూ అంతే. ఆయమ్మ గోడతో మాట్లాడినట్టు నీతో మాట్లాడతాండె.”

తల్లి బతికుండగా కొడుకులు ఆమె తరఫున నోరు విప్పరు. పోయాక వకీళ్ళవుతారు.

“సరే. పొయ్యి పిల్సుకొని రా.”

“నేను పోను. ఆ మాటన్నోడు పోవాల.”

“పోతా. బొంత విప్పుకొని నా సీర నేను తెచ్చుకునేదానికి పోతా. బతిమాలేదానికి గాదు.”

భానుప్రకాశ్ తండ్రి వైపు అప్పుడు చూశాడు.

“నాయనా, ఫోన్లో ఏం సెప్పిందో ఇను. ఆ బొంత మింద బ్లేడు పడితే అంబిక ఇంగ మదనపల్లి మొగం సూడదంట. సీర కావాల్నో, మనవరాలు కావాల్నో నువ్వే తేల్సుకో.”

గోవిందస్వామి కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. చెప్పులు వేసుకున్నాడు.

“ఆ కవరు యాల నాయనా?”

“సీర తెచ్చేదానికి.”

*

పుంగనూరులో నూర్ అహ్మద్ పరుపుల అంగడి ఇంటి ముందర గదిలోనే ఉంది. పత్తి ఏకే మిషను ఆపి, గడ్డం మీది దూది దులుపుకుంటూ ఆయన ఎదురొచ్చాడు.

“రా స్వామప్పా! బొంత బాగుండాదా? అది కుట్టినన్ని దినాలు మా ఆమె పొయ్యి ముట్టించలే. నేను హోటలు ఇడ్లీలు తిని బతికినా.”

“దాన్ని విప్పాల.”

నూర్ అహ్మద్ నవ్వు సగంలో ఆగింది. లోపలికి తిరిగి కేకేశాడు.

“ఏ జుబేదా, సున్! నీ కుట్టు విప్పేదానికి ఒగాయన వచ్చినాడు.”

లోపలి గదిలో నేలంతా పరిచిన పాత చీరల మధ్య జుబేదా ఒక కాలు చాపుకుని కూర్చుంది. సూది గుడ్డలో ఉంది. లేవలేదు.

“గుడ్డ మింద కాలు పెట్టొద్దన్నా. ఆడ్నే కూర్సో. నా కుట్టు ఊడిందా?”

“లే.”

“మరి యాల విప్పేది?”

ఆయన చెప్పాడు. నాలుగు ముక్కల్లో చెప్పాడు. కోడల్ని ఏమన్నాడో మాత్రం చెప్పలేదు. జుబేదా దారం కొరికి, ఆయన మొహం చూసింది. చెప్పనిది కూడా ఆమెకు అందినట్టే ఉంది.

“నీలం సీర. తెల్ల సుక్కలది. అదేనా?”

“అదే.”

“అది లోపల ఉండాదన్నా. పైకేసే బలం దానికి లేదు. కింద సెయ్యి పెడితే సెయ్యి కనిపిస్తాండె. బొంతకు గట్టి సీరలు బైట ఎయ్యాల, నలిగినవి లోపలెయ్యాల. నలిగినవే మెత్తగా ఉండేది. బిడ్డకు మెత్తన యాడిది? లోపల్ది.”

“నాకా సీర కావాల.”

“రాదు.”

“యాల రాదు?”

“పసిబిడ్డ బొంత గదా, కాలివేలు దారంలో తగులుకోకూడదని దగ్గర దగ్గర కుట్టినా. ఇప్పుడు దారం లాగితే ఆ సీర దారం ఎంబడే వస్తుంది. నీ సేతికి పీలికలొస్తాయి.”

“పీలికలైనా నావే.”

జుబేదా సూది పక్కన పెట్టింది.

“ఇంగోటుండాది. అంత సన్న సీర ఒంటిగా ఏస్తే నిలవదని, మూటలో ఉన్న పంచె ఒగటి తీసి దాని కింద పరిసినా. రెండిట్నీ కలిపి కుట్టినా. ఆ పంచె ఎవరిదో నాకు తెలీదు.”

గోవిందస్వామికి తెలిసింది. అంచు చినిగిన తన మల్లు పంచె. కొడుకు బండి తుడుచుకోవడానికి వాడేశాడని అనుకున్నాడు. వాణ్ణి ఒకసారి తిట్టాడు కూడా.

“నాదే” అన్నాడు.

“అట్లనా. సీరను అంతసేపూ మోస్తాండేది ఆ పంచేనన్నా. అది లేకుంటే ఒగ ఉతుక్కే పోతుంది.”

జుబేదా అది పని గురించే అంది. మళ్ళీ సూది అందుకుంది. గోవిందస్వామి మాత్రం నేల మీది చీరల వైపు చూశాడు. ఎవరెవరివో చీరలు. ఒకదాని కొంగున పసుపు మరక. ఒకదానికి పొయ్యి నిప్పు పడిన చిల్లు.

“నువ్వు నాతో కుప్పానికి రా జుబేదా. నేనైతే సించేస్తా. నీ సెయ్యయితే కొంచిమన్నా దక్కుతుంది.”

“నా సెయ్యి కుట్టే సెయ్యన్నా. విప్పే సెయ్యి గాదు.”

ఆయన లేవలేదు. బతిమాలనూ లేదు. అలా కూర్చున్న మగవాణ్ణి వెళ్ళగొట్టడం కష్టం.

“మునెమ్మక్క గుడ్డల మూట తెస్తే” అంది జుబేదా చివరికి, “ఏదో ఒగ కొంగు ముడిలో నా పిల్లోళ్ళకు బెల్లం గెడ్డ కట్టుకొని వస్తాండె. ముడి విప్పు జుబేదా, ముడి విప్పు అని నవ్వుతాండె. ఆయమ్మ కోసరం వస్తా. నీ కోసరం గాదు.”

గోవిందస్వామికి బెల్లం సంగతి తెలియదు. ముప్పై ఏళ్ళకు పైగా కాపురం చేసినా తెలియదు.

“మళ్ళీ ఇడ్లీలు” అన్నాడు నూర్ అహ్మద్, వాకిలి దగ్గర నిలబడి. ఎవరూ నవ్వలేదు. ఆయనే మిషను వేసుకున్నాడు.

*

పలమనేరులో బస్సు మారారు. శాంతిపురం దాటారు. రాతి బండలు మోసుకుపోయే లారీ వెనక బస్సు ఈడ్చుకుంటూ పోతోంది.

“ఏం జేస్తావన్నా ఆ పీలికలతో?”

“పెట్టుకుంటా.”

“పెట్టుకొని?”

ఆయన జేబు తడుముకున్నాడు. కవరు చప్పుడైంది.

“వాసన” అన్నాడు. “ఉతకలేదు ఆ సీర. ఆమె ఒంటి మింద నుంచి తీసినట్టే ఉండాది.”

జుబేదా ఏదో అనబోయింది. మానుకుని కిటికీ వైపు తిరిగింది. ఉతకని గుడ్డను జుబేదా ముట్టదు. బొంతకు చీరలిచ్చే ప్రతి ఆడదానికీ ఆ సంగతి తెలుసు. మగవాళ్ళెప్పుడూ మూట మోసుకురాలేదు కనుక వాళ్ళకు తెలియదు.

కుప్పంలో బస్సు దిగారు.

*

“రాండన్నా. కాళ్ళు కడుక్కోండి.”

రత్నమ్మ చెంబు అందించింది. వియ్యపురాలి మర్యాదలో లోటు లేదు. మొహంలో మాత్రం ఏమీ లేదు. నీళ్ళిస్తే గోవిందస్వామి కాళ్ళు కడుక్కున్నాడు, తాగలేదు. కొడుకు పెళ్ళయ్యాక ఆ ఇంట్లో ఆయన ఏమీ ముట్టింది లేదు. పిల్లనిచ్చిన వాళ్ళింట్లో తిని చెయ్యి కడిగితే మాట పడాల్సి వస్తుందని ఆయన తండ్రి చెప్పేవాడు. ఆయన తండ్రి ఇలాంటివి చాలా చెప్పాడు.

లోపలి నుంచి అంబిక వచ్చింది. భుజం మీద బిడ్డ. చంకలో బొంత. బొంతను ఆయన ముందు చాప మీద పెట్టింది. దాని మీద బ్లేడు పెట్టింది.

“విప్పండి మామా.”

“ఏమ్మే, పాప దాని మింద తప్ప పండుకోదు గదమ్మే” అంది రత్నమ్మ.

“అమ్మా, నువ్వుండు. విప్పి, మీ చీర మీరు తీసుకొని పోండి మామా. నేను మాత్రం రాను. భానుకు ముందే చెప్పినా. మీకు చెప్పలేదని అనొద్దు.”

గోవిందస్వామి బిడ్డ వైపు చూడలేదు. చూస్తే చెయ్యి ఆడదని తెలుసు. బ్లేడు తీసుకున్నాడు.

“జుబేదా, యాడ మొదలు?”

జుబేదా బొంత మూల వేళ్ళతో తడిమింది.

“ముడి ఈడ ఉండాది. నేను సూపిస్తా. తెంచేది నువ్వే తెంచు.”

ఆయన తెంచాడు. దారం లాగాడు. కుట్టు ఒక్కొక్కటే వదులుతూ వచ్చింది. మూల జానెడు తెరుచుకుంది. పైన ఎర్రటి గట్టి చీర. దాని కింద ఇంకేదో పూల చీర. ఆ కింద నీలం. అంతటి నీలం కాదు ఇప్పుడు. దాన్ని అంటిపెట్టుకుని కిందనుంచి తెల్లగా పంచె అంచు.

దారం వచ్చిన చోటల్లా చీరకు చిల్లు పడింది.

ఆయన ఆ మూలను మొహం దగ్గరికి తీసుకున్నాడు. అందరూ చూస్తుండగానే తీసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. సబ్బు. పాలు. ఎండ. పసిబిడ్డ. ఇంకేమీ లేదు.

తలెత్తాడు.

“ఉతికినావా?”

“ఉతికినా.”

“యాల?”

అంబిక బిడ్డను ఇంకో భుజానికి మార్చుకుంది.

“ఆ చీరలో అత్తమ్మ వాసన లేదు మామా. ఆసుపత్రి వాసన. ఫినాయిలు, మందులు, కక్కినది. ఆమె పక్కన నేనుంటి. మీరు బయట బెంచీ మింద ఉంటిరి. లోపలికొస్తే ఏడుపొస్తుందని రాలేదు. నేను మిమ్మల్ని ఏమీ అనలేదు, అప్పుడూ అనలేదు.”

ఆమె గొంతు పెరగలేదు.

“కడాపటి దినం ఆమె నా చెయ్యి పట్టుకొని ఒగటే మాట అడిగె. ‘అంబికా, కంపు కొడతాండాను. నాకే అసింకంగా ఉండాది. ఈ సీర మార్చమ్మా’ అని. సరే అత్తా అని వేడినీళ్ళకు పోతి. వచ్చేలోపల అయిపోయింది. దాన్ని మీరు కవర్లో పెట్టి ముడేస్తిరి. పొద్దు పొద్దున్నే అటక చూస్తే నాకు ఆ మాటే ఇనబడతాండె. పురిటికి పోయే ముందు మిమ్మల్ని అడిగి, దించి, కుంకుడుకాయలతో మెత్తగా ఉతికినా. ఆమె అడిగిన పని. ఆలస్యంగా చేసినా.”

రత్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. జుబేదా బొంత అంచు సర్దుతూ ఉండిపోయింది.

“ఆమె నీకేమైతుందని అంటిరి. ఏమైతుందో నాకు తెలీదు మామా. బిడ్డను దాని మింద పండబెడితే ఆమె ఒళ్ళో పెట్టినట్టుంటుంది. అంతే తెలుసు.”

బయట వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. బిడ్డ తల్లి జుట్టు గుప్పిట పట్టి లాగింది.

తప్పయింది అనడం గోవిందస్వామికి ఎవరూ నేర్పలేదు. నేర్చుకునే వయసూ దాటింది. బ్లేడు తీసి చాప అవతల పెట్టాడు.

“జుబేదా, సూది ఇయ్యి.”

“నేను కుడతాలే అన్నా.”

“ఇయ్యి.”

జుబేదా సంచిలోంచి సూది, దారం తీసి ఇచ్చింది. ఆయన దారం ఎక్కించబోయాడు. పోలేదు. దారం కొసను నాలుకతో తడిపాడు. పోలేదు. సూదిని వెలుతురుకు ఎత్తి పట్టాడు. ఎవరూ సాయం పోలేదు. అలా ఎంతసేపో అయ్యాక అంబిక వంగి ఆయన చేతిలోంచి సూది తీసుకుంది. బిడ్డ భుజం మీద ఉండగానే దారం ఎక్కించి, ముడేసి, తిరిగి ఇచ్చింది.

ఆయన కుట్టడం మొదలుపెట్టాడు. పంచెను పట్టుకుని, దాని మీదికి నీలం చీరను లాగి, పూల చీర కప్పి. సూది వేలికి దిగింది. వేలు నోట్లో పెట్టుకుని మళ్ళీ కుట్టాడు.

“ఇవి కుట్టు టాకాలా అన్నా, ఎద్దు అడుగులా?” అంది జుబేదా.

రత్నమ్మకు నవ్వొచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేక లోపలికి పోయింది. అంబిక పెదవి కూడా కదిలినట్టే అనిపించింది.

గోవిందస్వామి తలెత్తకుండానే అన్నాడు.

“బ్లేడు పడింది. నువ్వింగ రావు గదా.”

అంబిక ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది. బిడ్డను ఒళ్ళోకి దించుకుంది.

“ఒగటి అడుగుతా మామా. ఇస్తే వస్తా.”

“ఏంది?”

“బీరువా బీగంచెవి.”

సూది ఆగింది. నిన్న సాయంత్రం గొడవయ్యాక ఆయన చేసిన మొదటి పని మునెమ్మ బీరువాకు తాళం వేయడం. బీగంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఇంట్లో ఇంకెవరి చెయ్యీ ఆమె చీరల మీద పడకూడదు.

“బొంతలకా?”

“కాదు. కట్టుకునేదానికి.”

“నువ్వా?”

“నేనే. మడతల్లో పెట్టి ఏడాదాయె. ఒగ్గసారన్నా విప్పి చూసినారా? నూలు చీర కట్టకుండా పెడితే మడత మడతకీ చీకిపోతుంది. జుబేదమ్మను అడగండి.”

జుబేదా అవునని తలూపింది, ఎవరి వైపూ చూడకుండా.

“నేను కడతా మామా. వంటింట్లో కడతా, బస్సులో కడతా. ఉతుకుతా, ఆరేస్తా, నలగ్గొడతా. చినిగినాక అప్పుడు బొంతకిస్తా. చినగక ముందు ఇయ్యను.”

“అన్నీ సినిగిపోతే నాకింగేముంటుంది?”

ఆ మాట ఆయన అనాలనుకుని అన్నది కాదు. అన్నాక వెనక్కి తీసుకోవడానికి వీల్లేకపోయింది.

గదిలో ఇద్దరు ఆడవాళ్ళూ విన్నారు. లోపల నుంచి రత్నమ్మ కూడా వింటూనే ఉంది. బిడ్డ బొంత కొసను అందుకుని నోట్లో పెట్టుకుంది. అంబిక తీసేయలేదు.

జుబేదా లేచి నడుము పట్టుకుంది.

“పలమనేరు బస్సుకు టైమాయెనన్నా. వస్తాండావా?”

గోవిందస్వామి ముందు బొంత మూల ఇంకా సగం తెరిచే ఉంది.

“నువ్వు పో జుబేదా. ఇది కానీ.”

జుబేదా ఆయన కుట్టు వైపు ఒకసారి, అంబిక వైపు ఒకసారి చూసింది. సూది వెనక్కి అడగలేదు. చెప్పులేసుకుని పోయింది. లోపల రత్నమ్మ ఇంకో పిడికెడు బియ్యం చేటలో పోసింది. ఆ చప్పుడు ఆయనకు వినిపించింది. వద్దనలేదు.

ఆయన ఎడమ చెయ్యి నడుము దగ్గరికి పోయింది. మొలతాడు ముడి తగిలింది. గట్టిగా ఉంది.

అంబిక చెయ్యి చాపలేదు. కూర్చుని చూస్తోంది.

“అందులో పసుపుపచ్చది ఒగటుండాది” అన్నాడు. “సన్న జరీ అంచుది. దాన్ని మాత్రం పండక్కే కడతాండె. మిగతా దినాల్లో ముట్టనియ్యదు.”

“నేను అన్ని దినాలూ కడతా మామా” అంది అంబిక.

గోవిందస్వామి చెయ్యి ముడి దగ్గరే ఆగిపోయింది.